హీట్ మీటరు మీద ముల్లు నీడ

మా ఇంట్లో గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. కంపెనీ బస్సు తప్పిపోకుండా మా ఆవిడ ఎప్పుడో అలా పెట్టింది. నేను రిటైరై, ఆ బస్సు ఎక్కడం మానేసి నాలుగేళ్ళవుతున్నా దాన్ని వెనక్కి తిప్పనివ్వదు. పైగా, "లోకంల ఉన్న మీటర్లన్ని దిద్దొస్తవు, ఇంట్ల గడియారం మాత్రం గట్లనే ఉంటది" అని నన్నే దెప్పుతుంది. నేనూ పట్టించుకోను. అది పది నిమిషాలు ముందుందని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటారు. తెలిసిన తప్పుతో పెద్ద ఇబ్బంది లేదు. నేను చెప్పబోయేది ఎవరికీ తెలియకుండా నేను చేసిన తప్పు గురించి.

ఐటిఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చదివి, ఈమధ్యే ఏదో ఒక కంపెనీ గేటు లోపల అడుగుపెట్టిన పిల్లలు ఇది చదివితే నాకు సంతోషం. మిగతావాళ్ళు చదివినా వృథా పోదు, ఒక పాత కారు సంగతి తెలుస్తుంది.

గడ్డపోతారం వైపు ఒక మందుల కంపెనీలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. నా పని గేజ్‌లను పరీక్షించడం. రియాక్టర్ లోపల వేడి ఎంతుంది, ఒత్తిడి ఎంతుంది అని చూపించే గుండ్రటి డబ్బాలుంటాయి కదా, వాటిని వంతులవారీగా విప్పి తెచ్చి, మా గదిలో ఉన్న మాస్టర్ గేజ్ పక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే దిద్దాలి. కాగితం రాసి, సంతకం పెట్టి, స్టిక్కరు అంటించి, మళ్ళీ తీసుకెళ్ళి బిగించాలి. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం ముల్లు వెంట్రుకవాసి పక్కకు పోయినా నాకు అన్నం సయించేది కాదు. ఆ విషయంలో నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం ఏమిటిలే, చాలానే ఉండేది.

మేం రాసే కాగితంలో రెండు గళ్ళుండేవి. గేజ్ మన చేతికి వచ్చినప్పుడు ఏం చూపించిందో రాసేది మొదటి గడి, 'యాజ్ ఫౌండ్' అనేవాళ్ళం. దిద్దిన తర్వాత ఏం చూపించిందో రాసేది రెండోది, 'యాజ్ లెఫ్ట్'. పనిలో చేరిన మొదటి ఏడు నేనొక గేజ్ విప్పితే నాలుగు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. ఉన్నదున్నట్టు మొదటి గడిలో రాశాను. ఇక చూడండి తమాషా. గేజ్ తప్పైతే, దాన్ని చూసి వండిన మందు సంగతేమిటి? ఎన్ని రోజుల నుంచి తప్పు? ఎవరు చూడలేదు? ప్రొడక్షన్ వాళ్ళు క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు. మా సెక్షన్ పెద్దాయన మంచివాడు, మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే తన స్కూటర్ తాళం నా చేతిలో పెట్టేవాడు. ఆయన నన్ను పక్కకు పిలిచి మెల్లిగా చెప్పాడు.

"నిజం రాసినవు, బాగుంది. గని ఇప్పుడు మనమిద్దరం పదిహేను దినాలు సంజాయిషీలు రాసుకుంట కూసోవాలె. ఇట్ల గాదు. ముందు దిద్దు, తర్వాత రాయి. రెండు గళ్ళల్ల ఒకటే అంకె పడ్తది, అందరు సల్లగ ఉంటరు."

అప్పటి నుంచి ముందు దిద్దడం, తర్వాత రాయడం. గేజ్ బయటికి వెళ్ళేటప్పుడు సరిగ్గానే వెళ్ళేది, దానికి నేను హామీ. అది నా దగ్గరికి వచ్చేటప్పుడు ఎలా ఉందన్నది మాత్రం నా కాగితాల్లో ఎక్కడా ఉండేది కాదు. కొన్నేళ్ళకు అది అబద్ధం అన్న సంగతే మర్చిపోయాను. నా తర్వాత వచ్చినవాళ్ళకు నేనే నేర్పాను కూడా.

రిటైరైన రెండో ఏడు, మా కంపెనీలోనే ఒకప్పుడు ఫిట్టర్‌గా చేసిన, నా దగ్గర పని నేర్చుకున్న తమ్ముడొకడు ఇంటికొచ్చాడు. ఉద్యోగం మానేసి, బొంతపల్లి దారిలో మూతబడ్డ ఒక యూనిట్ కిరాయికి తీసుకుని పాత కార్లు బాగుచేసే షెడ్డు పెట్టాడు. బొంతపల్లి వీరభద్రుడి గుడికి పోయేవాళ్ళు దారిలో ఆగి ఆ కార్ల ముందు ఫొటోలు దిగుతుంటారు.

"అన్నా, నువ్వు పొద్దందాక ఇంట్ల కూసుంటే వదినకు పరేషాన్. మా షెడ్డుకు రా. ఇంజన్ నేను చేస్త, రంగు ఒడిశా పిలగాండ్లు చేస్తరు, మీటర్లు సూసెటోడు లేడు. ఎవల్ని అడిగినా కొత్తది బిగిస్తమంటున్నరు."

మా ఆవిడ లోపల్నుంచే, "తోల్కపో, తోల్కపో" అంది.

వెళ్ళాను. కంపెనీకి అలవాటుపడ్డ ప్రాణానికి ఆ షెడ్డు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆడిట్లు లేవు, టోపీలు లేవు, గౌన్లు లేవు. స్పీడు మీటరును డ్రిల్లు మిషన్‌తో తిప్పి చూసేవాణ్ణి. ఆయిల్ మీటరుకు చేతి పంపు. పెట్రోలు మీటరుకు ట్యాంకులో తేలే బెండు చేత్తో ఎత్తి దించితే చాలు. పాతకాలపు మీటర్లు మొండివి, కానీ వాటిది నిజాయితీ గల పనితనం. అయితే పాత బుద్ధి ఊరుకోదు కదా. కంపెనీలో ఉన్నలాంటి కాగితమే ఒకటి నేను కంప్యూటర్ సెంటర్‌లో టైపు చేయించాను, అవే రెండు గళ్ళతో. ప్రతి మీటరుకూ ఒక కాగితం, కింద నా సంతకం. షెడ్డు తమ్ముడు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి కారుతో పాటు ఇచ్చేవాడు. "మా అన్న సర్టిఫికెట్" అని అందరికీ చూపించేవాడు. నాకు లోపల పొంగిపోయేది.

కిందటేడు ఎండాకాలం ముందు ఒక నల్ల కారు వచ్చింది. ముందు భాగం గుండ్రంగా ఉండే పాత మోడలు, ముప్పై ఏళ్ళకు పైగా కదలకుండా పడి ఉంది. సంగారెడ్డి కోర్టులో పేరున్న వకీలు గారిది. ఆయన పోయారు. బాగుచేయించేది ఆయన కూతురు, కాలేజీలో పాఠాలు చెప్పే మేడం. కారును లారీ మీంచి దింపించిన రోజు ఆమె నాతో ఒక్కటే చెప్పింది.

"మీటర్ల లోపల ఏదన్న మార్చుకోండి. పైన డయలు మాత్రం ముట్టకండి, రంగులు వెయ్యకండి. నాన్న చూసిన అంకెలు అట్లనే ఉండాలె. నేను బండి నడుపుడు నేర్చుకుంది దీని మీదనే."

ఎవరు నేర్పారని నేను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

హీట్ మీటరు అంటే ఇంజన్ నీళ్ళ వేడి చూపించేది. ఆ కాలపు మీటరుకు కరెంటుతో పని లేదు. వెనకనుంచి సన్నటి రాగి గొట్టం, దాని కొసన చిటికెనవేలంత బల్బు. ఆ బల్బు ఇంజన్ నీళ్ళలో మునిగి ఉంటుంది. పరీక్ష కూడా తేలికే. గిన్నెలో నీళ్ళు కాచి, అందులో బల్బు ముంచి, పక్కన మంచి థర్మామీటరు పెట్టి రెండూ చూసుకోవడమే. పెయింటర్ పిల్లలు అన్నం వండుకునే స్టవ్వూ గిన్నే అడిగి తీసుకున్నాను. వాళ్ళలో ఒకడు గిన్నెలోకి తొంగి చూసి, "అంకుల్‌జీ, చావల్ కబ్ డాలేంగే?" అని నవ్వాడు. బియ్యం వేయకుండా నేను అంత శ్రద్ధగా నీళ్ళు కాచడం వాడికి వింతగా ఉంది.

నీళ్ళు తెర్లుతున్నాయి. థర్మామీటరు తొంభై ఎనిమిది. మన దగ్గర నీళ్ళు నూటికి ఒకటి రెండు డిగ్రీల ముందే మరుగుతాయి, అది నాకు తెలిసిందే. మీటరు ముల్లు డెబ్బై మూడు దగ్గర ఆగింది. ఎంత సేపు చూసినా అక్కణ్ణుంచి కదలదు. చల్లార్చి చూస్తే ముల్లు మొదటి అంకె కంటే కిందికి, అంకెలు లేని ఖాళీ చోటికి పోయి పడుకుంది. చూడగానే అర్థమైంది, ఇరుసు మీద ముల్లు పట్టు జారింది. గుంతల రోడ్ల మీద తిరిగిన బండ్లకు అవుతుంటుంది. అద్దం తీసి, ముల్లు ఊడబెరికి, సరైన చోట నొక్కాను. మళ్ళీ కాచాను. ఈసారి తొంభై ఎనిమిదికి తొంభై ఎనిమిది. డయలు మీద ఆ ఖాళీ చోట సన్నటి తెల్ల మరక ఒకటుంది. దూదితో తుడిచాను, పోలేదు. గట్టిగా రుద్దితే మేడం ఊరుకోదని వదిలేశాను.

టీ తాగుతూ కాగితం నింపాను. మొదటి గడి, రెండో గడి. రెండింటిలోనూ ఒకటే అంకె. చెయ్యి దానంతటదే రాసేసింది. ఐదు మీటర్ల కాగితాలూ మేడం ఇంటికి వెళ్ళాయి.

తర్వాత పది రోజులకు అనుకుంటాను, పొద్దున నేను షెడ్డుకు వెళ్ళేసరికి గేటు దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. డెబ్బై ఐదు దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాల. ఆయన చూపు నా మీద లేదు, షెడ్డు లోపలున్న నల్ల కారు మీద ఉంది.

"మీటర్లు సూసిన సారు మీరేనా?"

"నేనే పెద్దన్నా. ఏం గావాలె?"

"ఈ బండి నేను నడిపిన సార్. వకీలు సారు దగ్గర పన్నెండేండ్లు."

లోపలికి పిలిచి స్టూలు వేశాను. కూర్చోలేదు. కారు తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడే చెప్పాడు. ముప్పై ఏళ్ళ కిందట ఒక ఎండాకాలం వకీలు గారికి హైదరాబాద్ హైకోర్టులో పెద్ద వాయిదా ఉంది. సంగారెడ్డి నుంచి బయలుదేరారు.

"రుద్రారం దాటినం. ఎండ మండిపోతున్నది. నేను మీటరు సూస్తనే ఉన్న సార్. ముల్లు నడుమనే ఉన్నది, ఇంత గూడ మీదికి పోలే. ఇంతల బానెట్ సందులకెల్లి ఆవిరొచ్చింది. పక్కకు ఆపేటాల్లకే ఇంజన్ పట్టేసింది. నీళ్ళ పైపు పగిలింది, నీళ్ళన్ని పోయినయట. వాయిదా పోయింది, సారు కేసు పోయింది. ముల్లు నడుమనే ఉండె సార్ అని మొత్తుకున్న. సారు ఒకటే మాట అన్నడు. మీటరు అబద్ధం చెప్తదా, నువ్వు చెప్తవా అన్నడు."

ఆ తర్వాత సంగారెడ్డిలో ఎవరూ ఆయనకు స్టీరింగు ఇవ్వలేదట. గోదాముకు కాపలా ఉన్నాడు, ఇంకొకరి పొలంలో నీళ్ళు పెట్టాడు. ఊళ్ళో అసలు పేరు పోయి 'ఇంజన్ కాల్చినోడు' అన్న పేరు మిగిలింది. అంగడికి పోయినా అదే పేరట.

"బండిని లారీ మీద తోల్కపోయిండ్రని తెలిసి సారు బిడ్డ దగ్గరికి పోయిన. ఆ మీటరు ఒక్కసారి సూపియ్యమ్మా అని అడిగిన. సూసి అయిపోయింది, కాగితం గూడ వచ్చింది అని సదివి చెప్పింది. మీటరు మంచిగనే ఉండెనట గదా. ఇన్నేండ్లు నేను సరిగనే సూసిన, మీటరుదే తప్పు అని మనసుల పెట్టుకొని బతికిన సార్. ఇగ నా కండ్లే తప్పు సూసినయేమో. మీ నోటితోని ఒక్కసారి చెప్తే నమ్ముత. మనసు కుదుట పడ్తది."

ఊరు ఊరంతా నమ్మకపోయినా ఆ మనిషి ముప్పై ఏళ్ళు తనను తాను నమ్ముకున్నాడు. ఇప్పుడు నా సంతకం చూసి అదీ మానేస్తున్నాడు. అప్పుడే, అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు.

"మల్లొకసారి సూసి చెప్త పెద్దన్నా" అన్నాను.

"మంచిది సార్" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డ ఆయన వీపు షెడ్డులోంచి చాలాసేపు కనిపించింది. నేను లేచి వెళ్ళి పిలవలేదు. సిగ్గు అనండి, భయం అనండి, రెండూ ఉన్నాయి.

రెండు రోజులు షెడ్డుకు పోలేదు. మూడో రోజు అన్నం దగ్గర మా ఆవిడ అడిగితే జరిగింది చెప్పాను. ఆమె ముద్ద చేతిలో పట్టుకుని నావైపు చూసింది.

"కంపెనీల గూడ గట్లనే రాసినవా? ముప్పై ఏండ్లు?"

"అందరు గట్లనే రాసేది."

"ఆ మందులు మనం గూడ మింగినం గదా."

గేజ్‌లు దిద్దే పంపానని చెప్పబోయాను. దిద్దకముందు రోజుల సంగతి ఏమిటని అడుగుతుందని ఆగిపోయాను. ఆమె అడగలేదు, ఇంకాస్త చారు పోసి, "పోయి చెప్పు. అంత పెద్దమనిషిని ఎన్ని దినాలు తిప్పుతవ్" అంది.

షెడ్డు తమ్ముడికి చెబితే తల పట్టుకున్నాడు.

"అన్నా, గిదేం పని! ఒక్క కాగితం అబద్ధమంటే మిగిలిన కాగితాలన్ని అబద్ధమే అంటరు గదా. నీ సంతకం సూసే నా దగ్గరికి బండ్లు వస్తున్నయి."

"అబద్ధమే మరి. అన్నిట్ల మొదటి గడి అబద్ధమే."

వాడు ఒక స్పానరు తీసి తుడిచాడు, మళ్ళీ అదే స్పానరు తుడిచాడు. "నువ్వు నాకు పని నేర్పినోనివి. ఏం జేస్తవో జెయ్. నేను పక్కకే ఉంట" అన్నాడు. అప్పటివరకు వాడి మీద నాకున్న ప్రేమ వేరు, ఆ రోజు నుంచి వేరు.

ఆ ఆదివారం మేడాన్నీ పెద్దాయన్నీ రమ్మని కబురు పెట్టాం. బల్ల మీద మీటరు, స్టవ్వు, గిన్నె, థర్మామీటరు సర్దాను. మేడం ప్లాస్టిక్ కవరు కూడా తెచ్చింది. పెద్దాయన అదే తెల్ల చొక్కాలో వచ్చి, ఆమెకు దండం పెట్టి, నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆమె తల ఊపింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

నిలబడే చెప్పేశాను. మీటరు నా దగ్గరికి వచ్చినప్పుడు ఇరవై ఐదు డిగ్రీలు తక్కువ చూపించిందని, నేను ముందు దిద్ది తర్వాత రాశానని, మొదటి గడిలో ఉన్న అంకె అబద్ధమని.

మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"తప్పుగా అనుకోకండి. ఈయన వయసు చూసి, జాలిపడి చెప్తున్నరేమోనని నా అనుమానం. ఆ రోజు మీ సంతకం నమ్మిన. ఇయ్యాల మీ మాట నమ్మమంటున్నరు. రెండిట్ల ఏదో ఒకటి అబద్ధం కద."

"కాగితమే అబద్ధం అమ్మా."

"దానికి రుజువు?"

రుజువు నా దగ్గర లేదు. దాన్ని నా చేతులతో నేనే ఊడబెరికి, సరిచేసి, తుడిచి పెట్టాను. నా మాట తప్ప ఏమీ మిగల్లేదు, ఆ మాటకు నేనే విలువ లేకుండా చేసుకున్నాను. కనీసం ముల్లు ఎలా జారుతుందో చూపిద్దామని అద్దం తీసి మీటరు ఆమె ముందు పెట్టాను. ఆమె వంగి చూసింది. ఆ డయలును చిన్నప్పటి నుంచి చూసిన మనిషి.

"ఈ తెల్ల గీత ఏంది? ఇది లేకుండె."

"మరకమ్మా. తుడిస్తే పోలే" అన్నాను. అంటూనే మళ్ళీ వంగి చూశాను.

అది మరక కాదు. డయలు ఒకప్పుడు తెల్లది. ముప్పై ఏళ్ళు ఎండపొడ తగిలి పసుపెక్కింది. ముల్లు కింద ఉన్న చోట మాత్రం ఎండ తగలక తెల్లగానే ఉండిపోయింది. గోడకు ఏళ్ళ తరబడి వేలాడిన ఫొటో తీస్తే వెనక సున్నం తెల్లగా ఉంటుంది చూడండి, అలా. కారు కదలకుండా పడి ఉన్న అన్నేళ్ళూ ముల్లు అక్కడే ఉంది, మొదటి అంకె కింద, ఉండకూడని చోట. ముల్లు ఎంత పొడుగో గీత అంత పొడుగు. నేను దూదితో రుద్దింది దాన్నే.

"అమ్మా, మీ ఇంటికాడి షెడ్డుల బండికి ఎండ ఏ దిక్కు నుంచి పడ్తుండె?"

"పడమటి కిటికీ నుంచి. వెనక అద్దంలకెల్లి సీదా మీటర్ల మీదికే పడేది."

"ఆ దినం నుంచి ఎవలన్న దీన్ని విప్పిండ్రా?"

"లేదు. నాన్న తాళం వేస్తే నేనే తీసిన, మొన్న లారీ వచ్చినప్పుడు."

నేను ముల్లు ఊడబెరికి ఆ తెల్ల గీత మీద సరిగ్గా పడేట్టు నొక్కాను. కొలత పట్టలేదు, గీతే కొలత. షెడ్డు తమ్ముడు స్టవ్వు వెలిగించాడు. బల్బు నీళ్ళలో ముంచాను. నలుగురం గిన్నె చుట్టూ నిలబడ్డాం. నీళ్ళ అడుగున బుడగలు లేచాయి. ముల్లు కదిలింది. ముప్పై దాటింది, యాభై దాటింది. నీళ్ళు తెర్లసాగాయి, ఆవిరి మేడం కళ్ళద్దాల మీద పట్టింది. థర్మామీటరు తొంభై ఎనిమిది. ముల్లు డెబ్బై మూడు దగ్గర ఆగి, అక్కడే ఉండిపోయింది.

పెద్దాయన ముందుకొచ్చాడు. అరచేయి గిన్నె మీది ఆవిరిలో పెట్టి వెంటనే తీశాడు. మీటరు వైపు చూశాడు. మళ్ళీ గిన్నె వైపు చూశాడు.

"గిదే. ఆ దినం గూడ గిక్కడనే ఉండె" అన్నాడు.

కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఆ ఎండకాలం మొదట్లనే సారుకు చెప్పిన. ముల్లు ఎప్పటి లెక్క లేదు, కిందికొచ్చింది సార్ అని. మంచిదే గదా, ఇంజన్ సల్లగుంది అని నవ్విండు. నేను గూడ నవ్విన."

"నాన్న నాకు ఆ మాట చెప్పలేదు" అంది మేడం. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "కోర్టు మైదానంల నాకు గేరు మార్చుడు నేర్పినవు. ఎన్నిసార్లు గోడకు గుద్దబోయినా ఒక్కనాడు కసురుకోలే. ఆ రోజు నీ మాట నమ్ముమని నాన్నకు నేను చెప్పాల్సింది అన్నా. నేను గూడ నోరు మూసుకున్న" అంది.

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఊకోమ్మా. నువ్వప్పుడు చిన్నపిల్లవు" అన్నాడు. నిజానికి అప్పుడామెకు పాతికేళ్ళు.

నేను పాత కాగితం చింపబోయాను. మేడం నా చెయ్యి ఆపింది. "చింపకండి. ఉన్నది ఉండనియ్యండి. కొట్టేసి, కింద నిజం రాయండి."

ఆశ్చర్యం ఏమిటంటే, అది మా కంపెనీ పద్ధతే. తప్పు అంకెను చెరపకూడదు, కనిపించేలా ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. ఆ నియమం నేను ఎంతమందికో పాఠంగా చెప్పాను. నా సొంత అబద్ధం మీద వాడటం అదే మొదటిసారి. మొదటి గడిలో తొంభై ఎనిమిదిని కొట్టేసి డెబ్బై మూడు అని రాశాను. మిగిలిన నాలుగు కాగితాల్లో మొదటి గడి కొట్టేసి, 'చూడకుండా రాసినది' అని రాశాను. షెడ్డు తమ్ముడు పక్కనే నిలబడి చూశాడు.

"నాక్కూడ ఒకటి రాసిస్తవా సార్? తెలుగుల" అని అడిగాడు పెద్దాయన.

తెల్ల కాగితం తీసుకున్నాను. 'ఈ కారు హీట్ మీటరు తప్పు చూపించింది. డ్రైవరు సరిగ్గానే చూశాడు' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. రెండో వాక్యానికి ఏ ఫారంలోనూ గడి లేదు. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. చదివి నాకే తిరిగి ఇచ్చాడు.

"డ్రైవరు అంటే ఎవలనుకుంటరు సార్? పేరు రాయి."

చెప్పాడు. ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా చెప్పాడు. 'డ్రైవరు' అన్న మాట ముందు పూర్తిగా రాశాను. మళ్ళీ చదివాడు. తన పేరు దగ్గర వేలు ఆగింది. అక్కడ రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి ఆనించాడు. కంపెనీలో నేను సంతకం పెట్టిన కాగితాలు బీరువాలకు బీరువాలు ఉండేవి. వాటిని ఒక మనిషి ఇలా దాచుకోవడం నేను చూడలేదు.

వెళ్ళబోతూ ఆయన బల్ల దగ్గర ఆగాడు. ముల్లు ఇంకా ఆ తెల్ల గీత మీదే ఉంది.

"ఇగ దీన్ని సక్కగ పెట్టు సార్. రేపటి సంది బండి అమ్మ నడుపుతది."

"పెడ్త పెద్దన్నా" అన్నాను.

స్క్రూడ్రైవర్ అందుకోబోయి ఆగాను. కొత్త కాగితం ఒకటి తీసి, మొదటి గడి నింపాను. తర్వాతే ముల్లు మీద చెయ్యి వేశాను.